టిఫిన్ డబ్బ మీది పేరు

స్రవంతి బాపూ,

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. నీ నౌకరి నాకిచ్చిండ్రు. నీ టిఫిన్ డబ్బనే పట్టుకపోతున్న. డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి కాళ్లు గుంజుతున్నయి.

అచ్చరమంటెనే ఏడ్సే నీ బిడ్డ స్రవంతి ఇప్పుడు కథలు సదువుతాంది. బడిల కంప్యూటర్ మీద నెట్‌ల కథలు సదివిపిస్తున్నరు. తెల్వని మాటను నొక్కితే కంప్యూటరే పలికి వినిపిస్తదట.

ఇందాక డబ్బ కడుగుతాంటె వచ్చి, మూత మీద చెక్కిచ్చిన నీ పేరును ఏలుతోని నొక్కింది.

"అమ్మా, ఇది పలుకుతలేదు. నువ్వు చెప్పు."

పెనిమిటి పేరు తియ్యద్దని మా అవ్వ చెప్పింది. పెండ్లయిన కాడినుంచి నీ పేరు నా నోటెంట రాలె. చెప్పకుంటె ఇది ఇడిసేటట్టు లేదు. మెల్లగ చెప్పిన.

అది మళ్ల నొక్కింది.

నేను మళ్ల చెప్పిన.