పడమటి గేటుకు పెద్దక్షరం పెట్టిన సంగతి

అంబులెన్సు విభాగం అధికారి గారి సముఖమునకు, బట్టల మిల్లులో మగ్గాల మెకానిక్ చేసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: అంబులెన్సు ఆలస్యంపై తమ విచారణ నివేదికలో నా భార్యపై మోపిన తప్పును తొలగించుట గురించి.

1. పోయిన నెల ఒక మధ్యాహ్నం మా అన్నయ్య, అదే మిల్లులో ఎలక్ట్రీషియను, పడమటి గేటు దగ్గర గుండె పట్టుకుని కూలిపోయెను. అప్పుడే మాకు అన్నం క్యారియరు తెచ్చిన నా భార్య తమ విభాగానికి ఫోను చేసెను. నేను లోపల మగ్గాల హోరులో ఉన్నందున నాకు తెలియరాలేదు.

2. ఆమె మాటలు తమ రికార్డింగులో కలవు. విచారణనాడు తమ గదిలోనే అందరమూ వింటిమి. "బట్టల మిల్లండీ, పడమటి గేటు. మా బావగారు పడిపోయారు, తొందరగా రండి." తమ ఆపరేటరు దీనిని ఇంగ్లీషులో టైపు చేయుచు మిల్లును వదిలివేసి, వెస్టుకూ గేటుకూ పెద్దక్షరాలు, అనగా క్యాపిటల్ లెటర్లు, పెట్టెను. ఊరికి అవతలి కొసన వెస్ట్ గేట్ అను పేట కలదు. డ్రైవరు ఆ పేటకే పోయెను. అతనిని నేను తప్పుపట్టను, చూసినది చదివెను. బండి మా దగ్గరకు వచ్చుసరికి అన్నయ్య లేడు.

3. మా బావమరిది ఇంగ్లీషు మాస్టారు. అతన్ని అడిగితిని. "దిక్కు చెప్పేటప్పుడు చిన్నక్షరం బావా. ఆ దిక్కే ఒక ప్రాంతానికో పేటకో పేరైతే పెద్దక్షరం. అంతే" అనెను. ఆ పాఠం రాకపోవుట నేరం కాదు, నాకూ రాదు. కానీ శిక్ష మా ఇంట్లో పడింది.

4. తమ నివేదికలో "ఫోను చేసిన మహిళ స్థలము సరిగా తెలుపలేదు" అని కలదు. అదేమని అడిగితే తమరు, "ఫోన్లో పెద్దక్షరం వినపడుతుందా ఏమిటయ్యా?" అని నవ్వితిరి. అయ్యా, మన భాషలో అక్షరాలకు పెద్దా చిన్నా లేదు. మనుషులకే ఉంది.

5. ఆ నివేదిక నకలు ఇంటికొచ్చిన రోజు నుంచి మా అమ్మ నా భార్య చేతి మంచినీళ్లు ముట్టదు. "నోరుండీ గేటు పేరు చెప్పలేకపోయావా?" అంటుంది. వదిన ఆమె ఎదురుపడితే తల తిప్పుకుంటుంది. నా భార్య ఒకటే మాట చెప్పి ఏడుస్తుంది: "వస్తోంది బావగారూ, బండి వస్తోంది అని చెప్తూనే ఉన్నానండీ. నా మాట నమ్మి ఆయన కళ్లు మూశారు." ఇప్పుడెవరైనా దారి అడిగితే, మా వీధి చివర కిరాణా కొట్టుకైనా సరే, తెలీదని లోపలికి పోతుంది.

కావున, నష్టపరిహారం నాకొద్దు. ఆ ఒక్క వాక్యం కొట్టివేయించి, పొరపాటు తమ ఆఫీసులో జరిగినదని మా అమ్మకు అర్థమయ్యే మాటల్లో రాయించి పంపుటకు తమరు చిత్తగించవలెను.

ఇప్పటికింకా తమ విధేయుడు,
మగ్గాల మెకానిక్

తా.క.: పోస్టు చేసేముందు ఇదంతా మా అమ్మకి చదివి వినిపించాను. ఆసాంతం విని, "అయితే గేటు దగ్గర నువ్వెందుకు లేవురా?" అంది. ఆవిడకీ తప్పు మొయ్యడానికి ఎవరో ఒకరు కావాలి, తమకు లాగే. ఆ వాక్యం కొట్టెయ్యడం తమ వల్ల కాకపోతే, అందులో నా భార్యను తీసేసి నా పేరు పెట్టండి సార్. ఎన్ని పెద్దక్షరాలతోనైనా రాసుకోండి.