చెల్లెకు పడ్డ గోలి

మంగళవారం.

స్వప్న ఇయ్యాల మాదాపూర్ల కొత్త ఉద్యోగంల చేరింది, నా ఆఫీసు ఎదురు బిల్డింగ్‌లనే. లంచ్‌కు పిలిచి పకపక నవ్వుకుంట ముచ్చట చెప్తుంటే, సొంత చెల్లె మీదనే నాకు కడుపు మండింది. పోయినేడు ఇద్దరికీ వచ్చింది అదే డిప్రెషన్. చెల్లె గోలీలే అమ్మ నాకూ ఇచ్చింది, "ఒక్క కడుపుల పుట్టిన్రు, దానికి పడ్డది నీకెందుకు పడది?" అని. అది నెల తిరగకముందే లేచి తిరిగింది. నేను మంచం దిగలే. అప్పటిసంది అమ్మది ఒక్కటే మాట: "అది మనసు గట్టిగ చేసుకున్నది. నువ్వు చేసుకోవు."

సాయంత్రం డాక్టర్ మేడమ్, ఏ మందు ఒంటికి పడ్తదో చెప్పే నా జీన్ టెస్ట్ రిపోర్ట్ చూసింది. "ఆ మందును మీ ఒళ్లు చాలా తొందరగా అరిగించేస్తుందండి, అందుకే పనిచేయలేదు. అది పుట్టుకతో వచ్చింది, మీ మనసు బలహీనమై కాదు. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వొద్దని అమ్మగారికి చెప్పండి" అన్నది. మందు మార్చింది. ఇదన్న పనిచేస్తదని ఆమె కూడ ఖాయంగ చెప్పలే. అయినా గోపన్‌పల్లి దాంక ఆటోల ఏడ్చుకుంట వచ్చిన, సంతోషంతోని.

ఇంట్ల చెప్తే అమ్మ కూర కలుపుకుంట "గట్లనా" అన్నది, అంతే. స్వప్ననే ఉరికొచ్చి నన్ను పట్టుకున్నది. "అక్కా, నేను కూడ ఆ టెస్ట్ చేయించుకుంట. నాది ఎట్లుందో చూస్త."

"నీకెందుకే?" అని అరిచిన. బిత్తరపోయింది పాపం.

నవ్వు దానికే వచ్చింది. అమ్మ మెప్పూ దానికే వచ్చింది. నా రక్తంల దొరికిన ఈ ఒక్క సాకన్న నాకే ఉండనియ్యి.