ఎక్కడికని అడిగాను

చిన్నా,

మంచులో కారు జారి నువ్వు పోయి ఏడాదైంది. కాలేజీలో మీ కుర్రాళ్ల సంఘం, ఆ ఫ్రెటర్నిటీలో నిన్ను బ్రదర్ అని పిలిచేవాళ్లంతా ఇవాళ నీ పేరున, చదువైపోయాక కూడా నువ్వు మానకుండా చేసినట్టే, ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి భోజనాలు ఇస్తున్నారు. తనూ ఇచ్చొస్తానని నీ చెల్లి కూడా కారు తాళాలు తీసుకుంది. మళ్లీ మంచు పడుతోంది.

బయల్దేరేవాళ్లను ఎక్కడికని అడగకూడదని ఆరోజు నిన్ను అడగలేదు. నువ్వు రాకపోయేసరికి, ఎటు వెళ్లావో పోలీసులకు చెప్పలేకపోయాను. అందుకే ఇవాళ చెల్లిని గుమ్మంలో అడిగేశాను.

"అడక్కూడదని నువ్వే అంటావు కదమ్మా! ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక గ్రాండ్మా ఇంటికి. రీచ్ అవగానే కాల్ చేస్తాలే" అంది.

అడిగిన దోషం పోవాలని, కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లమన్నాను. బూట్లతో నిలబడే ఒక గుక్క తాగింది. కూర్చోలేదు.

నాన్నా, ఫోను మోగేదాకా నీకు రాస్తూనే ఉంటాను.