సరస కోసం చేసిన మామిడి ఐసు

పాకాల, 1946 మే, ఆదివారం రాత్రి

టైఫాయిడ్ తగ్గి వారమైనా మా సరస ఏమీ తినడం లేదు. మామిడిపండు గుజ్జు చల్లగా, కొద్దికొద్దిగా పెట్టమని డాక్టరు చెప్పారు. అందుకే ఈయన డ్యూటీ నుంచి వస్తూ కాట్పాడిలో ఐసుగడ్డ కొని, ఊకలో చుట్టి రైల్లో తెచ్చారు. దాన్ని పగలగొట్టి బకెట్లో పోసి ఉప్పు చల్లాను. గుజ్జూ తేనే కలిపి పోసిన డబ్బాను మధ్యలో పెట్టి గంటసేపు తిప్పాను. చక్కగా గడ్డకట్టింది.

అంతలో స్టేషన్ మాస్టరు, ఆయన భార్య వచ్చారు. అత్త డబ్బా లాక్కుని మొత్తం వాళ్ళ గిన్నెల్లోకి తోడేసింది.

"బిడ్డకు రవ్వంత ఉంచండత్తా" అన్నాను.

"జొరమొచ్చి లేసిన బిడ్డకి ఐసా? సచ్చిపోతాది. గమ్మునుండు" అంది.

డాక్టరు చెప్పినప్పుడు ఈయన పక్కనే ఉన్నారు. అయినా మాస్టరుగారికి ఇంకాస్త వెయ్యమన్నారు! ప్రమోషనుకు ఆయన సిఫారసు కావాలి కదా.

లోపలి గదిలోకి వెళ్ళి, "ఐసు కుదరలేదమ్మా, కరిగిపోయింది" అన్నాను. చెంచాల చప్పుడు అక్కడికి వినబడుతూనే ఉంది.

సరస నా అరచేతులు పట్టుకుని చూసింది. "చేతులు నొస్తా ఉండాయా అమ్మా?" అంది.

ఐసు మాట ఎత్తనే లేదు. ఐసు కావాలని ఏడ్చినా బాగుండేది.