బొట్టు అంటించిన హోల్డరు

రాజాం,
ఆదివారం.

చిరంజీవి నీలవేణికి మీ నాన్న ఆశీస్సులు. ఇక్కడ ఉన్నది నేనొక్కణ్ణే, బాగానే ఉన్నాను. బరంపురంలో నువ్వూ అల్లుడు హరిబాబూ బాగున్నారని తలుస్తాను.

ఫోను ఎత్తడం లేదని ఉత్తరం రాశావు. జవాబు నేనూ ఇలాగే ఇవ్వగలను. ముందు ఆ రోజు సంగతి.

తెల్లవారేసరికి శ్రీముఖలింగం చేరాం. వంశధార మీద మంచు ఉంది. మీ అమ్మ ఫ్లాస్కులో టీ తెచ్చింది. తాగాం. నేను పెద్ద కెమెరా నిలబెట్టాను. ఏడున్నరకు ఆవిడ ఒడ్డున రాతిగట్టు మీద పడిపోయింది. ఊళ్లోవాళ్లు సాయంపట్టి ఆటో ఎక్కించారు. శ్రీకాకుళం ఆసుపత్రికి చేరేలోగానే పోయింది. ఇంతవరకే నీకు చెప్పాను.

కొండలూ నదులూ తీయడానికి ఏ కెమెరా కొనాలని హరిబాబు అడిగాడన్నావు. నా పెద్ద కెమెరాలో ఫిలిం షీటు అరచేయంత ఉంటుంది, దాన్ని హోల్డరు అనే పల్చటి పెట్టెలో ఉంచి కెమెరాలోకి దూరుస్తాం. ఫొటోను గోడంత పెంచినా ఇసుక రేణువు రేణువుగా కనిపిస్తుంది. డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా అంత ఇవ్వదని ఇన్నేళ్లూ అందరితో వాదించాను. కానీ దీన్ని నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి, వెనక అద్దం మీద బొమ్మ సరిచూసుకునేసరికి పావుగంట. ఆ అద్దం మీద అన్నీ తలకిందులుగా పడతాయి. నేల పైన, ఆకాశం కింద.

నువ్వు అడిగినవి ఇంకా రెండున్నాయి. ఆసుపత్రిలో అమ్మ నుదుట బొట్టు ఎందుకు లేదని. బొట్టుబిళ్ల అంటించిన హోల్డరులో ఉన్న ఆఖరి ఫొటో ఎప్పుడు కడుగుతానని. రెండింటికీ జవాబు ఒకటే.

తీసేసిన షీటునే మరిచిపోయి మళ్లీ వాడడం నా పాత జబ్బు. అందుకని ఫొటో తీయగానే మీ అమ్మ తన నుదుటి బిళ్ల ఊడదీసి ఆ హోల్డరుకి అంటించేది. సంచీలోంచి ఇంకోటి తీసి పెట్టుకునేది.

ఆ రోజు నది వైపు సరిచూస్తున్నాను. "ఏటి మేస్టారూ, ఎప్పుడూ కొండలూ నీళ్లేనా? మనిసిని తీస్తే కెమెరా ఇరిగిపోతాదేటి?" అంది. సరే, వెళ్లి గట్టు మీద నిలబడమన్నాను. వెళ్లేముందే బిళ్ల తీసి హోల్డరుకి అంటించేసింది. ఇంకోటి పెట్టుకోలేదు.

"ఇంకా తీయందే?" అన్నాను.

"నానక్కడుంటాను గదా, మీరు మరిసిపోతారు. తీసీసినట్టే అనుకోండి."

గుడ్డలోంచి చూస్తున్నాను. అద్దం మీద ఆవిడ చిటికెన వేలంత కూడా లేదు. ఉన్నట్టుండి బొమ్మ పైకి జరిగింది. గట్టు పైకి ఎక్కుతోందనుకున్నాను. ముప్పై ఏళ్లుగా తలకిందుల బొమ్మలు చూస్తున్నవాణ్ణి, విసుగులో ఆ మాటే మరిచిపోయాను. "ఎక్కకు కుమారీ, కిందికి దిగు" అని అరిచాను. రెండుసార్లు అరిచాను. తర్వాత లెన్సు సరిచేసుకుంటూ ఉండిపోయాను. తల బయటికి తీసేసరికి ఎంతసేపయిందో తెలియదు. కొన్ని నిమిషాలు ముందు తెస్తే బతికేదా అన్న మాట డాక్టరు ఎత్తలేదు. నేను అడగలేదు.

ఆ హోల్డరులో ఫొటో లేదమ్మా.

హరిబాబును డిజిటలే కొనుక్కోమను. అందులో మనిషి నిలబడితే నిలబడినట్టు, పడితే పడినట్టు కనిపిస్తుంది.

రేపు పొద్దున పెద్ద కెమెరా తీసుకెళ్లి స్టూడియో జగన్నాధానికి ఇచ్చేస్తాను. అక్కణ్ణుంచి పోస్టాఫీసుకు వెళ్లి హోల్డరును నీకు పార్శిల్ చేస్తాను. బిళ్ల ఊడకుండా దూది చుట్టి పంపుతాను.

ఇట్లు,
మీ నాన్న