డ్రమ్స్ కూడా నేనే వాయించాను

యోహాన్ అన్నా,

నువ్వు చదవవని తెలిసినా చెప్పాలి. మన ఆల్బమ్ పూర్తయింది. గిటార్, బేస్, కీబోర్డ్ ఎలాగూ నావే. నువ్వు పోయాక డ్రమ్స్ కూడా నేర్చుకుని, అచ్చం నీలాగే వాయించాలని చూశాను. రాక్‌లో మొదలై, చర్చి పాటలోకి జారి, డప్పు దరువుతో ముగిసే ఆ పొడవాటి పాట కూడా ఉంది.

ఈరోజు సీడీ పట్టుకుని పెర్కిట్‌లో మీ ఇంటికి వెళ్లాను. పసుపు మార్కెట్ నుంచి అప్పుడే వచ్చిన వదిన, చేతులైనా కడుక్కోకుండా కూర్చుని వింది.

"గిది మీ అన్న వాయించినట్టు లేదు తమ్మీ," అంది.

నేను తల దించుకున్నాను.

"ఆయన లెక్క ఎందుకు వాయిస్తవ్? ఆయన దరువు నాకు యాదికుంది. గిది నీది. మంచిగుంది, ఇంకోపారి పెట్టు."

మళ్లీ పెట్టాను. ఈసారి డ్రమ్స్‌లో నిన్ను వెతుక్కోకుండా విన్నాను.