నానమ్మ దఫ్ మీది నల్లమచ్చ

చి. సౌ. నవ్రస్తాకు అమ్మ దీవించి రాసే ఉత్తరం.

అల్లుడు కుర్బాన్‌షో నడుంనొప్పి తగ్గిందా? మందు మానేశాడేమో, గట్టిగా అడుగు. పెద్దదానికి దగ్గు పోయిందా? చిన్నవాడికి పళ్లు వచ్చాయా? నువ్వు తింటున్నావా, వాళ్లకు పెట్టి ఊరుకుంటున్నావా? దేవుడి దయవల్ల ఇక్కడ క్షేమమే. ఆవు మాత్రం రెండు రోజులుగా సరిగా మేయడం లేదు.

రోడ్డు మీద రాళ్లు పడ్డాయా అని అడిగావు. పడ్డాయి, తీశారు. మళ్లీ పడతాయనే నా భయం. మీ నాన్న మ్యూజియం కప్పు ఒక మూల కారింది. కింద గిన్నె పెట్టాను. గిన్నె పొంగుతుందేమోనని పక్కనే కూర్చున్నాను. రుబాబులు, దఫ్, మిగతా వాద్యాలు అన్నీ పదిలం.

అన్నీ అని రాశాను గానీ, తల్లీ, అది నిజం కాదు.

నానమ్మ దఫ్ తీసుకెళ్తానని, ఆమె వేళ్లు పడి నల్లబడిన చోటే నీ కూతురి వేళ్లు పెట్టించి నేర్పుతానని రాశావు కదా. అది చదివి దఫ్ గోడ మీంచి దించి కొట్టి చూశాను. చెమ్మకు తోలు వదులై మొద్దుగా పలికింది. వాయించే ముందు అందరూ కాచేదేగా అని పొయ్యి పక్కన పెట్టాను. ఇంతలో మ్యూజియం చూడ్డానికి జీపులో ఎవరో వచ్చారు. టీ ఇవ్వకుండా ఎలా పంపను? ఉప్పు, వెన్న వేసి పాలటీ కాచి ఇస్తుంటే టప్‌మని వినిపించింది. మచ్చ మధ్యగా తోలు చీలిపోయింది.

నాలుగు రోజులు చీలిక గోడవైపు తిప్పి వేలాడదీశాను. చివరికి శాలువాలో చుట్టి, మీ నాన్నతో కలిసి వాద్యాలు చేసిన నజర్‌బేక్ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఏంటి వదినా, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చావ్?" అన్నాడు.

విప్పి చూపించి ఏడ్చాను.

"పోయింది తోలేగా, చట్రం ఉంది. మీ అత్త దీనికి రెండుసార్లు తోలు మార్పించింది. రెండోసారి వేసింది నేనే."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే ఊరంతటికీ నిద్రుండదని!"

ఆ మచ్చను తుడవడానికి కూడా నేను ఇన్నేళ్లు భయపడ్డాను, చూడు.

"ఈ తోలు నవ్రస్తా పుట్టిన ఏడాది వేశాను" అన్నాడాయన. "ఆ నలుపులో సగం నీ కూతురిదే. పెళ్లయి వెళ్లేదాకా కొడుతూనే ఉండేదిగా."

కొత్త మేకతోలు తనే సిద్ధం చేస్తానన్నాడు. తడిగా ఉన్నప్పుడే దాన్ని లాగి పట్టుకోవాలట. పట్టేది ఆ ఇంటి ఆడవాళ్లే అయి ఉండాలట. నా చేతులు వణుకుతాయి. కోపం వస్తే వచ్చి తిట్టు, కానీ రా. పిల్లను కూడా తీసుకురా, ఓ అంచు అది పట్టుకుంటుంది. తోలు ముందే నానబెట్టాలి కాబట్టి రోజు ఖాయం చేసేశాను. జూన్ పద్నాలుగు, శనివారం.

ఇట్లు,
మీ అమ్మ